ముళ్ళవ్వ చెప్పిన రేపు

అనగనగా ఒక అడవిలో, కార్చిచ్చు ఆరినా బూడిద వాసన పోని రోజుల్లో, ముళ్ళవ్వ అని ఒక ముసలి ఏదుపంది ఉండేది. అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలన్నీ దాని బొరియకే చేరేవి. వాటిని పెంచుకునే ఇల్లు వెతకడం కాకి పని. ఇల్లు దొరికేదాకా సాకడం ముళ్ళవ్వ పని. పాపం, దానికి నడుం వాల్చే తీరికే లేదు.

ఒక సాయంత్రం కాకి ఒక ముంగిస పిల్లను వెంటబెట్టుకొచ్చింది. పేరు బుడమ. చంకలో చిన్న ఆకుమూట.

"నన్నెప్పుడు తీసుకెళ్తారు అవ్వా?" అంది బుడమ.

ముళ్ళవ్వకు ఒళ్ళంతా పులిసిపోయి ఉంది. నిజం చెబితే పిల్ల ఏడుస్తుంది. ఏడిస్తే ఊరుకోబెట్టే ఓపిక లేదు.

"రేపే తల్లీ. పడుకో" అంది.

బుడమ పడుకోలేదు. మూటా విప్పలేదు. రేపే కదా వెళ్ళేది!

మర్నాడు కాకి అరిచింది. కాకి అరిస్తే చుట్టాలొస్తారు కదా! బుడమ మూటతో గుమ్మంలోకి పరిగెత్తింది. కాకి ఒక్కతే వచ్చి, "ఇంకా దొరకలేదు" అంది.

"అయితే రేపొస్తారులే" అంది ముళ్ళవ్వ.

ఆ మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే. చెప్పేదానికేం, నోరు నొప్పెడుతుందా? వినే పిల్లకే తిండి సయించలేదు.

ఆ సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. చూస్తే బుడమ లేదు. ముళ్ళవ్వ కాళ్ళీడ్చుకుంటూ వెతికింది. బాట పక్కన బుడమ మూటను పొట్టకింద దాచుకుని వణుకుతోంది. వెనక పొదలో నక్క పొంచి ఉంది. ముళ్ళవ్వ ముళ్ళు నిక్కబొడుచుకుని ఎదురెళ్ళేసరికి నక్క తోక ముడిచింది.

"ఇక్కడికెందుకొచ్చావే?"

"లోపలుంటే వాళ్ళకి కనబడనేమోనని."

ఇంకొక్కసారి "రేపు" అంటే పిల్ల లేచి బొరియకు వచ్చేస్తుంది. అయినా ముళ్ళవ్వ ఆ మాట అనలేకపోయింది.

"ఎప్పుడొస్తారో నాకూ తెలీదమ్మా. తెలీకే రేపన్నాను. కానీ వాళ్ళొచ్చేదాకా నా పక్కనున్న మూల నీది. ఇంకెవరికీ ఇవ్వను."

బుడమ వెక్కి వెక్కి ఏడ్చింది. ఓపిక లేకపోయినా ముళ్ళవ్వ వానలోనే పక్కన కూర్చుంది.

బొరియకు వచ్చాక బుడమ మూట విప్పింది. అందులో వాళ్ళమ్మ ఏరిపెట్టిన గురివింద గింజలున్నాయి. వాటిని తన మూలలో పేర్చుకుని, అవ్వ పెట్టింది తిని, నిద్రపోయింది.

వానాకాలం వెళ్ళాక బుడమకు ఇల్లు దొరికింది. ముళ్ళవ్వ కళ్ళు తుడుచుకునేలోపే కాకి ఒక కుందేలు పిల్లను తెచ్చింది.

"నన్నెప్పుడు తీసుకెళ్తారు?" అంది అది.

ఆ పాత మాట ముళ్ళవ్వ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"తెలీదు నాన్నా. ముందు నీ మూల చూపిస్తా, రా."

నీతి: ఎదురుచూసే పిల్లకు తియ్యటి అబద్ధం కన్నా చేదు నిజమూ, నాదనుకోవడానికి ఒక మూలా మేలు.