లాడ్జి వీధికి ట్రాము

నాలుక్కాళ్లపట్నంలో ఊరి వాకిలి నుంచి నడిబజారుకు రెండే దారులు: కుండల వీధి, లాడ్జి వీధి. రెండూ ఇరవై అడుగుల వెడల్పే. వాటిలో ఒకదాని మీదుగా ట్రాము వేయాలని జంతువుల సభ తీర్మానించి, పనిని ఎద్దు కోటిలింగానికి అప్పగించింది. ఏ లెక్కయినా ఒకసారి మింగి, మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరేశాకే ఆయన జవాబు చెబుతాడు. అందుకే ఆయన లెక్క ఇంతవరకూ తప్పలేదు. సభ కూడా ఎప్పుడూ వేళకు ముగియలేదు.

కుండల వీధి గాడిదలది. రోజూ కుండలు మోసుకుని బజారుకు రావాలి. వాళ్లలో పెద్దదైన నూకాలుకు మోకాళ్లు వాచిపోయాయి. ట్రాము తమ వీధికి రాకపోతే వచ్చే వేసవికి తాను పని మానుకోవాల్సిందేనని, ఇంకో పని తనకు చేతకాదని సభలో చెప్పింది.

లాడ్జి వీధిలో నక్క శేషగిరికి లాడ్జి ఉంది. ట్రాము తన గుమ్మం ముందు ఆగితే దిగినవాళ్లంతా తన దగ్గరే బస చేస్తారని అతని ఆశ. సభలో మాత్రం ప్రజాసేవ అన్నాడు.

"మోకాళ్లను చూసి పట్టాలు వేస్తారా అక్కా? జనాన్ని చూసి వేస్తారు" అన్నాడు నూకాలుతో.

కోటిలింగం నెమరేసి, అదీ నిజమే అన్నాడు. మంగళవారం పొద్దున గంటసేపు రెండు వీధుల్లోనూ కాకులు కూర్చుని, బజారు వైపు వెళ్లే ఒక్కో ప్రాణికి ఒక్కో పుల్ల పక్కన పెట్టాలి. పుల్లలు ఎక్కువున్న వీధికే ట్రాము.

సోమవారమే శేషగిరి వెళ్లి పొట్టేలు అప్పలకొండను కలిశాడు. మందతో తన వీధి చివరిదాకా నడిచి, పక్క సందులోంచి వెనక్కి వచ్చి మళ్లీ నడవాలని చెప్పాడు. ఎందుకని అప్పలకొండ అడగలేదు. గొర్రెలు అడగవు.

బుధవారం సభలో కాకులు పుల్లలు కుప్పపోశాయి. కుండల వీధి నాలుగు వందల పది. లాడ్జి వీధి పద్నాలుగు వందల అరవై నాలుగు. నూకాలు తల దించుకుంది. శేషగిరి అందరికీ దండాలు పెట్టాడు.

కోటిలింగం చాలాసేపు నెమరేశాడు.

"బండికి అరవై మంది. నీ జనానికి గంటకు ఇరవై అయిదు బండ్లు కావాలి శేషగిరీ. ఒక్క పట్టా అయితే ఎదురు బండి కోసం ఆగాలి, ఏడుకు మించి నడవవు. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, రెండు పట్టాలు వేయాలి. పట్టాకు పన్నెండు చొప్పున ఇరవై నాలుగు అడుగులు, జనం నిలబడే అరుగుకు ఎనిమిది. మొత్తం ముప్ఫై రెండు. నీ వీధి ఇరవై."

"మరి ఆ పన్నెండడుగులు?"

"ఎదురు వైపు పాముల పుట్టలున్నాయి. వాటిని ఎవరూ కదిలించరు. నీ లాడ్జి లోతు పద్నాలుగు అడుగులు. పన్నెండు పోతే రెండు మిగులుతాయి."

"రెండడుగుల గదిలో ఎవరు పడుకుంటారు మావా?"

"నిలబడి నిద్రపోయేవాళ్లు. గుర్రాలను అడిగి చూడు."

శేషగిరి గబగబా మనసులో గుణించాడు. ఏడు బండ్లంటే నాలుగు వందల ఇరవై మంది. అంతకు మించకూడదు, కుండల వీధి కంటే తగ్గకూడదు. కాకులు పొరబడ్డాయని, తన వీధిలో నడిచేది నాలుగు వందల పదిహేను మందేనని మొదలుపెట్టాడు. గొర్రెలు సరిగా నడవకుండా దారి మధ్యలో నిలబడిపోయాయని, కాకులు వాటినే మళ్లీ మళ్లీ లెక్కపెట్టాయని అన్నాడు.

వెనక వరసలోంచి అప్పలకొండ లేచాడు. అతనికి రోషం వచ్చింది.

"మాట జారకండి శేషగిరిబాబూ. మీరు పన్నెండు చుట్లు తిరగమన్నారు, పన్నెండూ తిరిగాం. నూట ఇరవై మందిమి. ఒక్కరంటే ఒక్కరు నిలబడ్డారని చూపించండి, మీ వీధి మొహం చూడం."

ఈసారి కోటిలింగానికి నెమరేయాల్సిన పని పడలేదు. పన్నెండు నూట ఇరవైలు పద్నాలుగు వందల నలభై. అవి తీసేస్తే లాడ్జి వీధిలో నిజంగా నడిచింది ఇరవై నాలుగు మంది. ట్రాము కుండల వీధికి ఖాయమైంది. గాడిదలు నూకాలును ముందు నడిపించుకుంటూ బయటికి వెళ్లాయి.

కనీసం వీధి మలుపులోనైనా ట్రామును ఒక్క నిమిషం ఆపమని శేషగిరి బతిమాలాడు.

"ఇరవై నాలుగు మందే కదా, నడుస్తారులే" అన్నాడు కోటిలింగం.

నీతి: లేని జనాన్ని లెక్కలో చూపించినవాడు, వాళ్లకు కావలసిన చోటు కూడా తన ఇంట్లోంచే ఇవ్వాల్సి వస్తుంది.