పెద్దగురువు ఇచ్చిన బీగంచెవి

నేను ఇంతకు ముందు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితోనే బడి ఆగిపోయింది. నలుగురిలో నోరు విప్పి చెప్పే అలవాటు కూడా లేదు. అయినా హేమావతి సంగతి ఎవరో ఒకరు రాసి పెడితే బాగుంటుందనిపించి, ఆశ్రమంలో వంటిల్లు సర్దుకున్నాక కూచుని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

హేమావతికి చిక్కు ఒక కెమెరా దగ్గర మొదలైంది.

మా గుట్ట కింది ఆశ్రమం అచల గురువులది. గురువు మాటే మాకు దేవుడి మాట, విగ్రహాలుండవు. పెద్దగురువు గారు పోయాక సంజీవమ్మ గారు పీఠం మీద కూచున్నారు. అందరూ గురువమ్మ అంటారు. ఆశ్రమం వెనక ఆవరణలో కొన్ని గదులున్నాయి. మొగుళ్ల చేతిలో దెబ్బలు తిని, పుట్టింటికీ పోలేక వచ్చిన ఆడవాళ్లను గురువమ్మ అక్కడ ఉంచుతారు. ఎవరున్నారో బయటికి పొక్కనివ్వరు.

ఆ గదులకు కాపలా హేమావతిది. డిగ్రీ చదివి, కంప్యూటరు నేర్చుకుని, పెళ్లీ గిళ్లీ వద్దని గురువమ్మ దగ్గర ఉపదేశం తీసుకున్న పిల్ల. ముందుగదిలో కంప్యూటరు పెట్టి, చుట్టూరా కెమెరాలు తగిలించి, అన్నీ ఒక్క తెర మీద కనబడేట్టు చేసింది. పాస్‌వర్డు ఎవరికీ చెప్పదు. యాంటీవైరస్ ఎప్పటికప్పుడు సరిచూసుకుంటుంది. చీమ దూరినా నాకు తెలుస్తుందనేది. ఆ మాటలో కాస్త మిడిసిపాటు ఉండేది గానీ అబద్ధం ఉండేది కాదు.

అలా ఉండగా సుభాషిణి వచ్చింది. కడుపుతో ఉంది. ఆమె మొగుడు టౌన్లో ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నవాడు. పెళ్లాం ఫోటో పట్టుకుని ఆశ్రమాల చుట్టూ తిరుగుతున్నాడని కబురొచ్చింది. మా గేటు దాకా కూడా వచ్చి పోయాడు. దొరికితే ఏం చేస్తాడో, సుభాషిణి మెడ మీది మచ్చ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

హేమావతి భయపడి, ఒకసారి కంప్యూటరంతా చూసి పొమ్మని రాయచోటి నుంచి ఇలియాస్ అనే ఆయన్ను పిలిపించింది. ఆయన చాలాసేపు చూసి, అంతా శుభ్రంగానే ఉందన్నాడు. తర్వాత తెర మూలనున్న పసుపుపచ్చ గుర్తు మీద వేలు పెట్టి, ఇదెన్నాళ్లుగా వస్తోందని అడిగాడు. రోజూ వస్తుంది, రోజూ మూసేస్తానంది హేమావతి.

ఆయన చెప్పింది ఆమె నాకు తర్వాత విడమరిచి చెప్పింది. కంప్యూటరుకు కెమెరానో ప్రింటరో తగిలిస్తే, దాంతో మాట్లాడ్డానికి డ్రైవరని ఒక చిన్న ప్రోగ్రాం పెట్టాలంట. కొన్ని డ్రైవర్లు కంప్యూటరు లోపలింట్లో, కెర్నల్ అనే చోట కూచుంటాయి. అక్కడ కూచున్నదానికి అడ్డు చెప్పేవాళ్లుండరు. వెనక తలుపు మీది పాత కెమెరా డ్రైవరు అలాంటిదే. దాంట్లో ఒక లోపముంది. ఏ చిల్లర ప్రోగ్రాం వచ్చి ఏది అడిగినా చేసిపెడుతుంది, అడిగేదెవరని చూసుకోదు. దాన్ని పట్టుకుని ఎవడైనా యాంటీవైరస్ నోరు మూయించొచ్చు. కెమెరాల్లో కనబడేదంతా తన కొట్లో కూచుని చూడొచ్చు. లోపలింటికి కంప్యూటరు తనే ఒక కాపలా పెట్టుకుంటుంది గానీ, ఈ డ్రైవరు ఉన్నన్నాళ్లు ఆ కాపలా నిలబడదు. పసుపు గుర్తు రోజూ చెప్పేది అదే.

"దానికి కంపెనీ ముద్ర ఉంది కదా భాయ్. దొంగ సరుకు కాదే" అంది హేమావతి.

"దొంగదని నేనన్నానా అక్కా? అసలైనదే. అందుకేగా దాన్ని ఎవరూ ఆపనిది."

తీసేస్తే ఆ కెమెరా పనిచెయ్యదు. దాన్ని చేసిన కంపెనీ కొత్త డ్రైవరు ఇవ్వడం ఎప్పుడో మానేసింది. ఇంకో కెమెరా తెప్పిస్తాను, నాలుగు రోజులు ఆగాలని చెప్పి ఇలియాస్ వెళ్లిపోయాడు.

హేమావతికి దాన్ని తియ్యడానికి మనసొప్పలేదు. ఆశ్రమంలో మొట్టమొదటి కెమెరా అది. గురువమ్మ తన చేత్తో ఇచ్చి తగిలించమన్నారు. గురువు చేతి మీదుగా వచ్చినదాన్ని తీసెయ్యడం మాలో లేదు. చిరిగిన గుడ్డయినా మడిచి దాచుకుంటాం. పైగా తెర మీద ఒక గడి నల్లగా ఉంటే ఆ పిల్లకు గిట్టదు.

పోయి గురువమ్మకు చెప్పుకుంది. ఆమె అరుగు మీద శెనక్కాయలు వలుస్తున్నారు. అంతా విన్నారు.

"అది అసలైనదమ్మా. మీరు ఇచ్చింది. ఎట్లా తీసేది?" అంది హేమావతి చివరికి.

గురువమ్మ ఒక కాయ వలిచి, ఆ గింజలు హేమావతి అరచేతిలో వేసి, పోయి నీ పని చూసుకో పొమ్మన్నారు.

మధ్యాహ్నం గేటు దగ్గరికి చింతచిగురు అమ్మే ఒకావిడ వచ్చింది. కొత్త మనిషి. లోపల ఆడోళ్లుంటారంట కదా, పోయి అమ్ముకుంటానంది. హేమావతి ససేమిరా అంది. ఆమె గొణుక్కుంటూ గంప ఎత్తుకుని గోడవారగా వెళ్లింది. హేమావతి వచ్చి తెర ముందు కూచుంది.

వెనక తలుపు గడిలో, ఆశ్రమంలోనే ఉండే ఓబులేసు తాత బీగం తియ్యడం కనబడింది. తాత ఆ తలుపు దగ్గర రోజూ కనబడేవాడే గనక కన్ను అక్కడ ఆగలేదు.

కాసేపటికి లోపలి ఆవరణ గడిలో ఆ గంప కనబడింది. గురువమ్మ సుభాషిణిని పక్కన పెట్టుకుని కూచున్నారు. చిగురావిడ వాళ్లకు ఎదురుగా చతికిలబడి, సుభాషిణి కడుపు వైపు చూస్తూ ఏదో మాట్లాడుతోంది.

హేమావతి చెప్పులైనా తొడుక్కోకుండా పరిగెత్తింది.

"ఏందమ్మా అట్ల చూస్తావు?" అంది చిగురావిడ. "నేనేం గోడ దూకి రాలేదు. దీపానికి మొక్కుకుంటానని తాతనడుగు, తలుపు తీస్తాడని ఈ గురువమ్మే వెనక దోవలో కనబడి చెప్పింది. అడిగినా, తీసినాడు."

ఓబులేసు తాత పెద్దగురువు గారి కాలం మనిషి. లోపలి ఆవరణలో పాత గురువు సమాధి ఒకటుంది. దానికి దీపం పెట్టే పనీ, వెనక తలుపు బీగంచెవీ పెద్దగురువు గారే ఆయన చేతిలో పెట్టారు. ఇప్పుడు తాతకు చూపు ఆనదు. దీపం లోపలి ఆడవాళ్లే పెడుతున్నారు. బీగంచెవి మాత్రం ఆయన మొలతాడుకే ఉండిపోయింది. అడగాలని ఎవరికీ తోచలేదు.

హేమావతి ఆయన మీద విరుచుకుపడింది. ఎవరు బడితే వాళ్లకు తీస్తావా, ఆమె స్థానంలో సుభాషిణి మొగుడొచ్చుంటే ఏమయ్యేదని అడిగింది.

"దీపానికి మొక్కుకుంటామన్నోళ్లను ఎవరు మీరని అడుగుతానా తల్లీ?" అన్నాడు తాత. నడుము తడుముకుని చెవి పైకెత్తి చూపించాడు. "ఇది పెద్దాయన ఇచ్చిండేది. దొంగచెవి కాదు."

హేమావతి చూపు ఆ చెవి మీద నిలిచిపోయింది.

గురువమ్మ చిగురంతా కొని, ఆవిడను అన్నం తిని పొమ్మని వంటింటి వైపు పంపారు. తర్వాత వచ్చి తాత ముందు నేల మీద కూచుని రెండు చేతులూ చాపారు.

"ఓబులేసన్నా, ఆ చెవి నాకియ్యి."

తాతకు వెంటనే అర్థం కాలేదు. పెద్దాయన ఇచ్చింది వెనక్కిస్తే తప్పు కాదా అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఆయన కూచున్న చోట కూచుని అడుగుతున్నా."

ముడి బిగుసుకుపోయి ఉంది. తాత వేళ్లు దాన్ని విప్పడానికి చాలాసేపు పట్టింది. గురువమ్మ చేతులు చాచినవి చాచినట్టే పెట్టుకుని ఉన్నారు. చెవి అందుకుని, కళ్లకద్దుకుని, వంగి తాత పాదాలు ముట్టుకున్నారు.

తాత నడుము మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. చిన్నగా నవ్వాడు. "పక్కకు తిరిగి పడుకుంటే గుచ్చుకునేదమ్మా. ఎవరికి చెప్పేదని ఊరుకుంటి."

గురువమ్మ లేచి, చెవి కొంగున ముడేసుకుంటూ హేమావతిని దాటి వెళ్తూ నిలబడ్డారు.

"చేతికి ఇయ్యడమొకటే వస్తే చాలదమ్మా" అన్నారు. అని లోపలికి వెళ్లిపోయారు.

హేమావతి ఆ పూట అన్నానికి రాలేదు. పిలిస్తే, ఆకలిగా లేదంది.

మర్నాడు పొద్దున్నే కంప్యూటరు ముందు కూచుంది. పసుపు గుర్తు వచ్చింది. మూసెయ్యలేదు. ఆ పాత డ్రైవరు వెతికి తీసేసింది. లోపలి కాపలా ఆన్ చేసి, కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. గడులు ఒక్కొక్కటే వెలిగాయి. వెనక తలుపుది నల్లగా ఉండిపోయింది. దాని వైపు కాసేపు చూసింది. తర్వాత ఒక చాపా, చెంబుతో నీళ్లూ తీసుకుని చుట్టూ తిరిగి పోయి, వెనక తలుపుకు వీపు ఆనించి కూచుంది.