రెండు మడత చాకులు

కడియం తోటల్లో మామిడి అంటు కట్టడం నేర్పే పెద్దాయన తాతబ్బాయి గారు. శిష్యులు ఏది అడిగినా నోటితో చెప్పేవారు కాదు, పని చేతికిచ్చేవారు. ఒకనాడు అబ్బులు అనే శిష్యుడు రాజమండ్రిలో కొన్న రెండు విదేశీ మడత చాకులు ఆయన ముందు పెట్టాడు. ఒకదానిది రంగురంగుల పిడి, రెండోదానిది నల్లటి మొరటు పిడి.

"రెండూ చవకవేనండి. వీటిలో మంచిదేదో తెలిసేదెలాగండి?"

"రంగు చూసి మురిశావన్నమాట. పెళ్లిచూపులకెళ్లావేంట్రా?" అని నవ్వి, గురువు రెండింటినీ తెరిచి పక్కకి నొక్కి చూశారు. రంగుది మడత దగ్గర కదిలింది. నల్లది కదల్లేదు. ఆయన రెండు చాకులూ పట్టుకుని, తోటలో కూలిపడి ఉన్న ఒక మామిడిచెట్టు దగ్గరికి నడిచారు.

ఆ మామిడిని చనిపోయిన ఆయన భార్య మంగతాయారు టెంక పాతి పెంచింది. అలాంటి పండు మరెక్కడా లేదు. ముందురోజు గాలివానకి చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. వాడిపోయేలోగా దాని పుల్లలు వేరే మొక్కలకి అంటు కడితేనే ఆ రుచి మిగులుతుంది. కొసలు విరిగిపోయి, పనికొచ్చే పుల్లలు కాసినే దొరికాయి. గురువు సగం పుల్లలు, నల్ల చాకు తీసుకున్నారు.

"నీకు నచ్చింది నువ్వే వాడు. చెట్టే చెబుతుంది. నావి ఎలాగూ బతుకుతాయిలే."

రంగు చాకుని నమ్మలేక అబ్బులు కోతకోతకీ దాన్ని రాయి మీద నూరుకుంటూ, భయపడుతూ కట్టాడు.

నెల తిరిగేసరికి అబ్బులు కట్టినవాటిలో రెండు చిగిర్చాయి. గురువు కట్టినవన్నీ ఎండిపోయాయి.

అబ్బులు ఆ ఎండినవాటిలో ఒకదానికి చుట్టిన పట్టీ విప్పి చూశాడు. కోత అద్దంలా ఉంది. కానీ పుల్ల తలకిందులుగా ఉంది. చిగురు రావలసిన మొగ్గలు నేలవైపు తిరిగి ఉన్నాయి. ఇంకొకటి విప్పాడు. అదీ అంతే. ఇన్నేళ్లు ఎందరికో నేర్పిన చేయి, పుల్లకి పైనేదో కిందేదో మరిచిపోయింది. అతను గబగబా పట్టీ చుట్టేయబోయాడు. అప్పటికే గురువు వెనక నిలబడి ఉన్నారు.

"నల్లది మంచిది కాదండి," అన్నాడు అబ్బులు తలెత్తకుండా. "మోసపోయామండి."

గురువు వంగి, ఆ కోతని బొటనవేలితో చాలాసేపు నిమిరారు.

"చాకునేమీ అనకురా. ఎంత నున్నగా కోసిందో చూడు."

జేబులోంచి నల్ల చాకు తీసి, మడిచి, అతని చేతిలో పెట్టారు.

"ఇది నీ దగ్గరే ఉంచు. రేపు నేనడిగినా ఇవ్వకు."