జముకూ, మట్టి కాగూ

కొండగూడేల్లో తిరిగి కథలు చెప్పేవాళ్ల కోసం రాజుగారు వెతుకుతున్నారు. వాయిద్యం మోత చివరి వరసలో కూచున్న ముసలివాళ్ల గుండెకి కూడా తగలాలన్నది ఆయన షరతు.

కొలువులో వాయిద్యాల పెద్ద నరహరి పంతులు రెండెడ్ల బండి నిండేంత నగారా చేయించాడు. కథలు చెప్పే అసిరమ్మ దగ్గర ఉన్నది జముకు ఒక్కటే. చంకలో పట్టేంత తోలు వాయిద్యం, దానికో ఒంటి తీగ. పంతులు పకపకా నవ్వాడు. "ఇది నీకైనా వినిపిస్తుందా?"

"కొండెక్కాక చూద్దాం బాబూ," అంది అసిరమ్మ.

మర్నాడు పొద్దున్నే ఇద్దరినీ పరీక్షించడానికి రాజుగారు గుర్రమ్మీద ఓ కొండగూడెం చేరి చివరి వరసలో కూచున్నారు. పంతులు నగారా బండి కొండదారి మొదటి మలుపులోనే ఇరుక్కుపోయింది. ఆయన చెమటలు కక్కుకుంటూ ఉత్తచేతులతో వచ్చాడు. అసిరమ్మ ఓ ఇంటివాళ్లని అడిగి, ధాన్యం పోసుకునే పెద్ద మట్టి కాగు ఖాళీది తెప్పించుకుంది. జముకుని దాని మూతికి ఆనించి తీగ మీటింది. రాజుగారి గుండె అదిరింది.

"మోసం! ఆ కాగు ఆమెది కాదు!" అని పంతులు గగ్గోలు పెట్టాడు.

"కాదు బాబూ. ప్రతి ఊళ్లోనూ దొరికేదాన్ని నేనెందుకు మొయ్యాలి?"

"కాగు లేని ఊరికెళితేనో?"

అసిరమ్మ రాజుగారి వైపు తిరిగింది. "గింజలు దాచుకునే కాగైనా లేని ఊరికి కథలెందుకు ప్రభూ? ఆ నగారా దింపించి, అదే బండిలో ముందు గింజలు పంపండి. వెనకాలే నేనొస్తాను."

మధ్యాహ్నానికల్లా నగారా దారి పక్కనుంది. బండి ధాన్యానికి బయల్దేరింది.