నల్లప్ప వాలిన చక్రం

"హజ్రత్, ఇక నాకు అనుమతి ఇవ్వండి. మనిషికీ మనిషికీ మధ్య తేడా చూడడం నాలో ఎప్పుడో పోయింది."

ఆ ఎండాకాలమంతా ఇలియాస్ మా పీర్ సాహెబ్‌ను ఇదే అడిగాడు. అనుమతి అంటే తానూ గురువై శిష్యుల్ని చేర్చుకునే అనుమతి. నమాజులో అందరికన్నా ముందుండేవాడు, ఉపవాసాల్లో ముందుండేవాడు, సేవలోనూ అంతే. కాదనడానికి లేదు. ఆ సంగతి పదిమందికీ చెప్పడంలో కూడా అతనే ముందు, అదొక్కటే మాకు ఒళ్ళు మండేది.

పీర్ సాహెబ్ ఔననలేదు, కాదనలేదు. "శవాలున్నాయి, పద నాయనా" అనేవారు.

ఆ ఏడు ఎండలకు జనం పిట్టల్లా రాలిపోయారు. బస్టాండులోనో రోడ్డు పక్కనో దిక్కులేకుండా పోయినవాళ్ళని మా ఖాన్ఖాకు, అంటే పీర్ సాహెబ్ ఆశ్రమానికి తెచ్చి, స్నానం చేయించి, ఊరవతల గుట్ట మీద పూడ్చేవాళ్ళం. దారంతా రాళ్ళే. మామూలు బండి ఎక్కదు. అందుకే పీర్ సాహెబ్ ఒక పాత మిలిటరీ ట్రక్కు కొన్నారు. సైన్యం వదిలించుకుంటే వేలంలో పాడుకున్నవాడి దగ్గర కొన్న బండి అది.

ఆ రోజు రెండు శవాలు కఫన్ గుడ్డల్లో సిద్ధంగా ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం. వాసన అప్పుడే మొదలైంది. తీరా చూస్తే ట్రక్కు ముందు టైరు పైపొర చీలి లోపలి దారాలు బయటికొచ్చాయి. అలాగే గుట్టెక్కితే దారిలోనే పేలిపోతుంది. ఎక్కడెక్కడో వెతికి తెచ్చిన టైరు ఒకటి ఉంది కాబట్టి సరిపోయింది. మార్చడమే తరువాయి.

ఆ చక్రాలతో ఒక ప్రమాదం ఉంది. రెండు ఇనప పళ్ళేలను చుట్టూ బోల్టులతో కలిపి బిగిస్తారు, వాటి మధ్య టైరు ఉంటుంది. లోపల గాలి మిగిలుండగా ఆ బోల్టులు విప్పితే పై పళ్ళెం ఎగిరి తంతుంది. అమ్మినవాడు తాళాలిస్తూ మరీమరీ చెప్పాడు. "బుస్సుమనడం ఆగింది కదా అని గాలి పోయిందనుకోవద్దు సాబ్. వాల్వులో మట్టి అడ్డుపడి ఉంటుంది. సన్నతీగతో పొడిచి చూడాల్సిందే. మా తమ్ముడు చూడలేదు. వాడికి ముఖం మిగల్లేదు."

చెబుతూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇలియాస్ పక్కనే నిలబడి విన్నాడు.

చక్రం ఊడదీసి నేల మీద పడుకోబెట్టాం. ఇలియాస్ వాల్వులోంచి పిన్ను తీశాడు. కాసేపు బుస్సుమని ఆగిపోయింది.

"నల్లప్పా, తిరక్కుండా గట్టిగా పట్టుకో" అన్నాడు.

నల్లప్పను జ్వరంలో ఎవరో మా గుమ్మం ముందు పడేసి పోయారు. బతికాడు, ఇక్కడే ఉండిపోయాడు. గుంతలు తవ్వేవాడు. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. పట్టుకోమన్నదే చాలని చక్రం మీద బోర్లా వాలి, రెండు చేతులా వాటేసుకున్నాడు.

"పట్టినా సామీ, కానీండి" అన్నాడు.

ఇలియాస్ బోల్టుకు స్పానర్ వేశాడు.

"తీగతో చూశావా నాయనా?" అరుగు మీంచి పీర్ సాహెబ్ అడిగారు.

"గాలి పోయింది హజ్రత్. ఇంకా తీగలూ గీగలూ అంటే శవాలు పాడైపోతాయి."

పీర్ సాహెబ్ అరుగు దిగి వచ్చారు. నల్లప్ప భుజం పట్టుకుని లేపి పక్కకు జరిపారు. ఆ ముసలాయన అక్కడే కూర్చుని, అతను వాలినట్టే వాలి, ఎండకు కాలిపోతున్న ఇనుము మీద చెంప ఆనించారు.

"ఊఁ, విప్పు."

ఇలియాస్ చెయ్యి కదల్లేదు.

"మీరు లేవండి హజ్రత్."

"గాలి పోయిందన్నావుగా. విప్పు."

"పోయింది... అయినా మీరు లేవండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆయన లేవలేదు. స్పానర్ అక్కడే పడేసి ఇలియాస్ లోపలికి పరుగెత్తాడు. తీగ తెచ్చి వాల్వులో పెట్టి పొడిచాడు.

చిన్న మట్టిగడ్డ ఎగిరిపడింది. దాని వెనకే గాలి తన్నుకొచ్చింది. అమ్మో, ఎంత గాలి! ఇక ఆగదేమో అనిపించింది. నల్లప్ప తన రొమ్ము తడుముకుంటూ ఆ చక్రం వైపే చూస్తున్నాడు.

శబ్దం ఆగాక ఇలియాస్ ఇంకోసారి తీగ పెట్టి చూశాడు. అప్పుడు లేచారు పీర్ సాహెబ్. చెంప కమిలిపోయి ఉంది. ఇలియాస్ బావురుమంటూ ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"క్షమించండి హజ్రత్. మిమ్మల్ని చంపేసేవాణ్ని."

పీర్ సాహెబ్ కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"నేను కూర్చోగానే పరుగెత్తావు కదా నాయనా. నువ్వు చంపబోయింది నన్ను కాదు."