ఖాళీ బండిలో రాని చప్పుడు

ఓబులేసుకి వచ్చిన కష్టమల్లా ఒక చప్పుడు.

మామూలు చప్పుడు కాదది. సన్నాయి చౌడప్ప పాత అంబాసిడరు వెనక భాగంలోంచి వచ్చేది. గతుకు వచ్చినప్పుడల్లా పాత ఇనపగేటు తెరిచినట్టు 'కుర్ర్ర్' అని మొదలై, కుక్కపిల్ల తోక తొక్కినట్టు 'కీచ్' అని ముగిసేది. కుడిపక్క నుంచో ఎడమపక్క నుంచో ఎవరూ తేల్చలేకపోయారు.

చౌడప్ప పెళ్లిళ్లకి సన్నాయి ఊదేవాడు. ఆదోని చుట్టుపక్కల ముహూర్తం ఉందంటే ఆ బండి కదలాల్సిందే. తోలేది చౌడప్పే. పక్కన ఆయన తమ్ముడు, వెనక సీట్లో శ్రుతి పట్టేవాడు, తాళం వేసేవాడు, ఆ ఇద్దరి మధ్యా డోలు పుల్లన్న. మధ్యా అన్నానేగానీ, పుల్లన్న కూర్చున్నాక మిగిలిన ఇద్దరూ తలుపులకి అతుక్కుపోవాల్సిందే. అంత మనిషి. ఇక డోళ్లు డిక్కీలో.

ఈ ఐదుగురితో బండి పెళ్లింటి ముందు ఆగేసరికి, సన్నాయి కన్నా ముందు బండే ఊదేది. పందిట్లో జనం నవ్వేవాళ్లు. "ఎవరప్పా దీన్ని బాగుచేసింది?" అని అడిగేవాళ్లు. చౌడప్ప అబద్ధమాడే మనిషి కాదు.

"మా ఓబులేసు" అనేవాడు.

అట్లా ఆ ఎండాకాలంలో ఓబులేసు పేరు పాతిక ముప్పై పందిళ్లలో వినపడింది. కొత్తగా షెడ్డు పెట్టుకున్నవాడికి ఇంతకంటే చేటు ఏముంటుంది చెప్పండి?

ఓబులేసు పని నేర్చుకున్నది దస్తగిరి ఉస్తాదు దగ్గర, ఎనిమిదేళ్లు. పత్తిమిల్లు వెనక రేకుల షెడ్డు ఉస్తాదుది. అందులో నేలలో తవ్వి రాళ్లు పేర్చిన ఒక గుంత. బండిని గుంతకి అటూ ఇటూ చక్రాలు ఉండేట్టు నిలబెట్టడం, మనిషి కిందికి దిగి మెడ వెనక్కి వాల్చి పని చేసుకోవడం. మట్టి కళ్లల్లో, నూనె ముక్కు మీద. ఎనిమిదేళ్లూ అదే.

ఓబులేసు బైపాసు రోడ్డులో సొంత షెడ్డు పెట్టుకుని లిఫ్టు బిగించుకున్నాడు. చూడముచ్చటైన వస్తువు అది, ఎర్రరంగు వేసినది. బటన్ నొక్కితే బండి గాల్లోకి లేచి, నాలుగు చక్రాలూ వేలాడేసుకుని, మనిషి తలకి పైన నిలబడేది. కింద నిటారుగా నిలబడి పని చేసుకోవచ్చు.

ఉస్తాదు దగ్గర సెలవు తీసుకున్న రోజున అన్నాడు కూడా. "ఉస్తాదూ, మనిషి గుంతలో దూరే రోజులు పోయినాయి. ఇంగ మనం వంగేది లేదు, బండే లేస్తాది."

దస్తగిరి అప్పుడు ఒక డబ్బాలో నట్లు ఏరుతున్నాడు. తల ఎత్తలేదు.

"మంచిదే రా. బిగించేముందు మాత్రం కిందికి దించుకో" అన్నాడు.

ముసలాయన చాదస్తం అనుకున్నాడు ఓబులేసు. ఆ మాట అక్కడే వదిలేసి వచ్చేశాడు.

ఇక చౌడప్ప బండి సంగతి. మొదటిసారి వచ్చినప్పుడు ఓబులేసు దాన్ని లిఫ్టు మీద లేపి చూశాడు. బండి వెనక బరువు మోసే ఇనపపట్టీలు, అవే కమాను కట్టలు, వాటి చివర్లలో బుష్షులు నలిగిపోయి ఉన్నాయి. బుష్షులంటే పెద్ద విద్యేమీ లేదు, కమాను కట్ట బండికి తగులుకునే చోట ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో పెట్టే రబ్బరు ముక్కలు. అన్నీ కొత్తవి వేశాడు. పానా పట్టుకుని బలమున్నంతా పెట్టి బిగించాడు. ఆ తర్వాత బండి దించి, సిరుగుప్ప రోడ్డులో తానే తోలుకుంటూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. చప్పుడు లేదు.

రెండు రోజులకి చౌడప్ప మళ్లీ వచ్చాడు.

రెండోసారి ఓబులేసు బుష్షుల మీద నూనె పోశాడు. ఒక పెళ్లికి బండి నోరు మూసుకుంది. రెండో పెళ్లికి ముందుకన్నా గట్టిగా అరిచింది.

మూడోసారి షాకబ్జర్లు కూడా మార్చేశాడు. మళ్లీ ఒక్కడే తోలుకుంటూ సిరుగుప్ప రోడ్డు. చప్పుడు లేదు. ఇంకొన్ని పెళ్లిళ్లు తిరిగి చౌడప్ప నాలుగోసారి వచ్చేసరికి ఓబులేసుకి ఓపిక అయిపోయింది.

"చౌడప్పన్నా, చప్పుడు బండిలో లేదు. నీ చెవుల్లో ఉంది. పొద్దస్తమానం ఊది ఊది నీకు అన్నీ అట్లే వినపడతాండాయి."

చౌడప్ప బండి తలుపు తీసి, ఎక్కకుండానే వెనక్కి తిరిగాడు.

"ఈ చెవుల మీదనే రా మా ఇంట్లో పొయ్యి వెలిగేది. వాటి జోలికి రావద్దు" అన్నాడు. "రేపు పొద్దున ఎమ్మిగనూరులో పెళ్లి. పోతా పోతా నీ దగ్గరికి వస్తాము. అదే ఆఖరు. రేపు గూడా చప్పుడు వచ్చిందా, నా బండి నీ షెడ్డు తొక్కదు. ఏంటికి తొక్కదో పందిరి పందిరికీ చెప్తా."

ఆయన చెప్తాడు. అందులో అనుమానం లేదు. ఇరవై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఆయన ఊదని పందిరి లేదు.

మర్నాడు పొద్దున్నే ఎనిమిదింటికల్లా బండి వచ్చింది. ఐదుగురూ పట్టుపంచల్లో ఉన్నారు. ఓబులేసు లిఫ్టు వైపు ఒకసారి చూశాడు. తర్వాత వెనక తలుపు తీసి, "కొంచెం జరుగు పుల్లన్నా, పత్తిమిల్లు వెనక్కి, ఉస్తాదు దగ్గరికి పోదాం" అన్నాడు.

"యాడికి జరిగేది? నన్ను కోసి పక్కన పెట్టు" అన్నాడు పుల్లన్న.

ఎట్లాగో తలుపు మూశారు. బండి బైపాసు దిగి మిల్లు రోడ్డెక్కింది. మొదటి గతుకు.

కుర్ర్ర్... కీచ్.

రెండో గతుకు. మళ్లీ అదే.

ఓబులేసు ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. మూడుసార్లు బాగుచేశాడు, వినడం మాత్రం ఇదే. ముఖం కిందికి వేసుకున్నాడు.

పుల్లన్న అతని చెవి దగ్గరికి వంగాడు. "ఓబులేసూ, నీ చెవుల్లోకి గూడా దూరినట్టుందే?"

ముందు సీట్లో ఉన్న చౌడప్ప వెనక్కి తిరగలేదు, నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది ఓబులేసుకి.

దస్తగిరి ఉస్తాదు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బండి గేటు దాటుతుంటే వచ్చిన చప్పుడు విన్నాడు. ఎవరు, ఏమిటి, ఎందుకు అని అడగలేదు.

"అందరూ దిగండి."

దిగారు. ఉస్తాదు వచ్చి బండి వెనక భాగాన్ని రెండు చేతులా అదిమాడు. చప్పుడు లేదు.

"పుల్లన్నా, నువ్వు ఎక్కు."

పుల్లన్న ఎక్కాడు. కుర్రుమంది.

"దిగు. మళ్లీ ఎక్కు. మళ్లీ దిగు."

"మేస్త్రీ, అక్కడ నేను డోలు వాయించాల. అంతా ఇక్కడనే అయిపోయేట్టుందే" అన్నాడు పుల్లన్న రొప్పుతూ.

ఉస్తాదు మోకాళ్ల మీద కూర్చుని, కమాను కట్ట చివర వేలు ఆనించి పెట్టాడు. చెవి పెట్టలేదు, వేలే. పుల్లన్న ఇంకొకసారి ఎక్కాడు. ఉస్తాదు వేలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నూనె ఎవడు పోసినాడు?"

"నేనే ఉస్తాదూ."

"రబ్బరు ఉబ్బిపోతాది రా దానికి. వీటి ఆయుసు తగ్గించినావు. ఈసారి మార్చేటప్పుడు పొడిగా వేయి." చౌడప్ప వైపు తిరిగాడు. "ముహూర్తం ఎన్నింటికి?"

"పదకొండున్నర."

"టైము ఉంది. గుంత మీదికి తోలు."

బండి గుంత మీద నిలబడింది. ఓబులేసు చొక్కా విప్పి మేకుకి తగిలించి, పానాలు తీసుకుని కిందికి దిగాడు. ఏడాది దాటింది ఆ గుంతలో దిగి. రాళ్లు మోచేతులకి తగిలాయి.

పైనుంచి ఉస్తాదు గొంతు వినపడింది. "ఇంగ అందరూ ఎక్కి కూచోండి."

"నేను కింద ఉండంగనా?" అన్నాడు ఓబులేసు.

"పెళ్లికి ఎంతమంది పోతారు?"

"ఐదుగురు."

"ఐదుగురే ఎక్కుతాండారు."

"డోళ్లు గూడా డిక్కీలోనే ఉన్నాయి, మరిచిపోయేవు" అని అరిచాడు పుల్లన్న.

ఒక్కొక్కరే ఎక్కుతుంటే బండి ఒక్కొక్క మెట్టు కిందికి వచ్చింది. పుల్లన్న ఎక్కినప్పుడు రెండు మెట్లు. ఓబులేసు తల దించుకున్నాడు. కొత్త షెడ్డులో ఎప్పుడూ ఇట్లా లేదు. అక్కడ నెత్తిన బండి ఉన్నా, అది ఖాళీ బండి. దాని చక్రాలు పనిలేనట్టు వేలాడుతుండేవి.

"నువ్వు బిగించిన బుష్షులన్నీ వదులు చేయి. ఊడదీయొద్దు, వదులు చేయి."

ఓబులేసు మొదటి నట్టుకి పానా వేసి తిప్పాడు. ఒక చుట్టు తిరిగిందో లేదో, లోపల 'టప్' మంది. మెలితిరిగి ఉన్న రబ్బరు తనంతట తాను తన చోటికి తిరిగిపోయింది. టార్చి వేసి చూశాడు. కళ్లముందే తిరిగింది.

రెండో నట్టు. టప్.

అట్లా కుడివైపు అన్నీ, ఎడమవైపు అన్నీ. ఆఖరుది వదిలేసరికి బండి ఇంకొక వేలెడు కిందికి దిగి, సరిగ్గా కూర్చుంది. పెళ్లిభోజనం ముందు నడుముకి బెల్టు వదులు చేసుకున్న మనిషి కూర్చున్నట్టు.

చక్రాలు వేలాడుతుండగా తను బిగించిన రబ్బరు, జనం బరువు పడ్డప్పుడల్లా మెలిపడి అరిచిందన్నమాట.

పైన చౌడప్ప తమ్ముడు సన్నాయి పీక నోట్లో పెట్టుకుని సన్నగా ఊది చూసుకుంటున్నాడు. పుల్లన్న ఎవరి మీదో చేరగిలబడినట్టున్నాడు, "నా భుజం, నా భుజం" అని గొణుగుడు.

"కదలొద్దండి" అన్నాడు ఉస్తాదు. "ఓబులేసూ, ఇప్పుడు బిగించు."

"ఎంత బిగించాల ఉస్తాదూ?"

"నీ షెడ్డులో ఎంత బిగించినావు?"

"బలమున్నంతా."

"అంతే బిగించు."

బిగించాడు. అన్ని నట్లూ, ఐదుగురు మనుషులూ రెండు డోళ్లూ నెత్తిన ఉండగా.

తర్వాత ఉస్తాదు తప్ప అందరూ కలిసి రైల్వేగేటు దాకా పోయి వచ్చారు. అక్కడ పట్టాల దగ్గర రోడ్డు ఎట్లా ఉంటుందో ఆదోనిలో అందరికీ తెలుసు. చౌడప్ప కావాలనే గతుకుల మీదుగా తోలాడు, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ. ఓబులేసు వెనక సీట్లో పుల్లన్న మోకాలి మీద కూర్చుని విన్నాడు. టైర్ల చప్పుడు, ఇంజను చప్పుడు, డిక్కీలో డోళ్ల గజ్జెలు. అంతే.

"ఇదేంది, బండి మూగబోయింది" అన్నాడు పుల్లన్న. "మనం వచ్చినట్టు పెళ్లోళ్లకి ఎట్ల తెలుస్తాది ఇప్పుడు?"

ఈసారి చౌడప్ప కూడా నవ్వాడు.

ఓబులేసుని మిల్లు వెనక దింపి, చౌడప్ప కిటికీలోంచి తల బయట పెట్టాడు. "పందిట్లో అడిగితే ఎవరి పేరు చెప్పల్ల?"

ఓబులేసు ఉస్తాదు వైపు చూశాడు.

"బిగించినోడి పేరు చెప్పు" అన్నాడు ఉస్తాదు.

బండి వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా ఇద్దరూ దాన్నే విన్నారు, వినడానికి ఏమీ లేదు.

ఉస్తాదు ఫ్లాస్కులోంచి ఇంకొక గ్లాసులో టీ పోసి ఇచ్చాడు. ఓబులేసు నేల మీదనే కూర్చున్నాడు, వీపంతా మట్టి.

"ఉస్తాదూ, ఈ మాట నాకు ముందే చెప్పింటే..."

"చెప్పినా కదరా. ఎనిమిదేళ్లలో ఎన్నిమార్లో. నువ్వు పోయిన రోజు గూడా చెప్పినా."

ఓబులేసుకి ఆ రోజు గుర్తుకొచ్చింది. నట్ల డబ్బా, ఎత్తని తల, 'కిందికి దించుకో' అన్న మాట, అన్నీ.

"మరి నాకేంటికి వినపడలేదు?"

ఉస్తాదు టీ తాగి, గ్లాసు బోర్లించి పెట్టాడు.

"అప్పుడు నువ్వు ఖాళీ బండివి రా."