ఇంకా నడవని తమ్ముడి కబురు

ఊఁ కొడతావా? కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తా, ముందే చెప్తున్నా. కొడతావా? సరే, విను బంగారం.

అనగనగనగా... కడియం దగ్గర, ఎటు చూసినా పూలమొక్కల నర్సరీలే ఉండే ఒక ఊళ్ళో, జోషిత అని ఒక పిల్ల ఉండేది. రెండో తరగతి. రెండు జడలు. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి, నోరు మాత్రం ఊరంత.

వాళ్ళ టీచరు పేరు మంగతాయారు. ఆవిడకో అలవాటు. పొద్దున్నే హాజరు పిలవగానే, "ఇవాళ ఎవరింటి కబురర్రా?" అని అడిగేది. అప్పుడు ఎవరో ఒకళ్ళు లేచి వాళ్ళింట్లో ఏం జరిగిందో చెప్పాలి. టీచరు దాన్ని బోర్డు మీద, తేదీ పక్కనే రాసేది. సాయంత్రం దాకా దాని జోలికి డస్టర్ వెళ్ళకూడదు. చెప్పినవాళ్ళు ఆ రోజంతా క్లాసుకి రాజులన్నమాట.

ఒకరోజు కోటిబాబు లేచాడు. "మా ఆవు ఈనిందండి!" మర్నాడు క్లాసంతటికీ జున్ను తెచ్చాడు. ఆ తర్వాత లాస్య లేచింది. "మా అక్కకి ఓణీల ఫంక్షనండి!" మర్నాడు లడ్డూలు. ఆ తర్వాత ఇంకోడు లేచాడు. "మా నాన్న ట్రాక్టరు కొన్నాడండి!" ఇంక చూస్కో, పులిహోర. ఆ క్లాసులో కబురు ఒట్టిచేతుల్తో వచ్చేది కాదు.

మరి జోషిత ఇంట్లో ఏముంది? అమ్మ దేవి, నర్సరీలో మొక్కల సంచుల్లోకి మట్టి నింపే పనికి వెళ్తుంది. నాన్న మొక్కల లారీ ఎక్కాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలీదు. ఇంకా మామ్మ. ఇంకా బుడ్డోడు, అంటే తమ్ముడు. వాడికి ఏడాది నిండి చాన్నాళ్ళయింది, అయినా నడవడు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే, కుండీలో మొక్కలా!

అమ్మ రోజూ సాయంత్రం పనినుంచి వచ్చి, చేతుల మట్టి కడుక్కోకుండానే అడిగేది. "ఏమే, ఇవాళేమన్నా అడుగేశాడా?"

"లేదమ్మా," అనేది జోషిత.

ఒకరోజు టీచరు, "జోషితా, నీ కబురు ఒక్కసారి కూడా బోర్డెక్కలేదేంటే?" అంది.

జోషిత నోరు తెరిచేలోపే కోటిబాబు అందుకున్నాడు. "వాళ్ళింట్లో ఏం జరగదండి. వాళ్ళ తమ్ముడే కదలడు, బియ్యం బస్తా!"

క్లాసంతా గొల్లుమంది. జోషితకి చెవులు కాలిపోయాయి. "కదలడా? నిన్న నడిచాడు తెల్సా! మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా నడిచేశాడు!"

అనేసింది. అంతే, టీచరు రాసేసింది. చప్పట్లు మోగిపోయాయి. ఆ పూటంతా జోషిత బోర్డుకేసి చూసుకుంటూ ఉంది. లెక్కలు చెప్తున్నా అటే, పద్యం చెప్తున్నా అటే.

సాయంత్రం బడి వదిలాక లాస్య అడిగింది. "అయితే అరిసెలెప్పుడు తెస్తావే?"

చచ్చాంరా బాబూ! పిల్లలు తొలి అడుగులేస్తే అరిసెలు వండి, వాటి మీద ఆ బుజ్జి పాదాలు పెట్టించి పంచుతారు కదా. నీకూ వండాం, నువ్వు అరిసెని తొక్కడం మానేసి నోట్లో పెట్టుకున్నావు, అది వేరే సంగతి. టీచరు కూడా అంది, "ఆదివారం వండమనవే మీ మామ్మని. సోమవారం తిందాం."

ఇప్పుడేంటి మరి? నడవనోడికి అరిసెలెవరు వండుతారు?

ఇంటికెళ్ళి జోషిత పని మొదలెట్టింది. ముందు దూరంగా నిలబడి గిలక్కాయ ఆడించింది. బుడ్డోడు చూశాడు, ఆవులించాడు. ఆ తర్వాత అరటిపండు చూపించింది. పాక్కుంటూ వచ్చి తినేసి, మళ్ళీ పాక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చంకల కింద చేతులేసి నిలబెట్టి, మెల్లిగా వదిలింది. దబ్! కూలబడి, కిలకిలా ఒకటే నవ్వు.

"ఎందుకే వాణ్ణి అలా కాల్చుకుతింటున్నావు? బుద్ధి పుట్టినప్పుడు వాడే నడుస్తాడు," అని మామ్మ కేకలేసింది.

ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ అడిగింది. "అడుగేశాడా?" నడిచాడని అమ్మకీ చెప్పేస్తే అరిసెలు వచ్చేస్తాయి. నాలిక చివరిదాకా వచ్చింది ఆ మాట. అమ్మ మొహం చూసింది. ఇంక రాలేదు. "లేదమ్మా," అంది.

సోమవారం వచ్చింది. క్లాసంతా జోషిత సంచికేసే చూస్తోంది. జోషిత లేచి నిలబడింది. "టీచర్, మా తమ్ముడు నడవలేదండి. నేనే ఉత్తుత్తినే చెప్పానండి."

"అబద్ధాలకోరు!" అని అరిచాడు కోటిబాబు. ఇంకొందరు అందుకున్నారు.

టీచరు తిట్టలేదు. చాక్‌పీసు తీసింది. తేదీ పక్కన రాసింది: జోషిత తమ్ముడు ఇంకా నడవలేదు. "ఇదీ కబురేనర్రా. ఇది చెప్పడానికే ఎక్కువ దమ్ము కావాలి. చప్పట్లేవీ?"

కొట్టారు, ఏదో కొట్టాలి కాబట్టి. జోషిత మాత్రం తల ఎత్తలేదు.

మధ్యాహ్నం వరండాలో అందరూ పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు కోడిగుడ్డు. అప్పుడు మామ్మ వచ్చింది, బుడ్డోణ్ణి చంకనేసుకుని. "పొద్దున్న ఏడుపు మొహంతో వెళ్ళిందండి టీచరుగారూ, తింటోందో లేదో చూసి పోదామని," అంటూ, నడుం నొప్పికి వాణ్ణి స్తంభం పట్టించి నిలబెట్టింది.

"వచ్చాడ్రోయ్ బియ్యం బస్తా!" అన్నాడు కోటిబాబు, గుడ్డు పెంకు తీస్తూ.

బుడ్డోడు ఆ గుడ్డు చూశాడు. తెల్లగా, గుండ్రంగా, మెరుస్తోంది. స్తంభం వదిలేశాడు. ఒక అడుగు. ఊగాడు. ఇంకో అడుగు. వరండాలో ముద్ద నమిలే చప్పుడు కూడా లేదు. ఇంకో అడుగు, ఇంకోటి... కోటిబాబు చేతిలో గుడ్డు లటుక్కున లాక్కుని నోట్లో కుక్కేసుకున్నాడు!

"నా గుడ్డు!" అని అరిచాడు కోటిబాబు. మరుక్షణం ఎగిరి గంతేశాడు. "నడిచాడ్రోయ్! నా గుడ్డు కోసమే నడిచాడ్రోయ్!" ఇంక వాడి గొప్ప చూడాలి, నడక నేర్పింది తనేనన్నట్టు!

టీచరు నవ్వుతూ, "బోర్డు మీద మార్చి రాద్దామా జోషితా?" అంది.

"ముందు మా అమ్మకి చెప్పాలండి," అంది జోషిత.

టీచరు చప్పట్లు చరిచింది. "పదండి అయితే. లైను కట్టండి!"

రోజూ ఇంటి కబురు బడికొచ్చేది కదా? ఆ రోజు బడి కబురే ఇంటికి బయల్దేరింది. ముందు జోషిత, వెనక బుడ్డోణ్ణెత్తుకుని మామ్మ, ఆ వెనక క్లాసంతా. రోడ్డు దాటితే నర్సరీ. ఆకుపచ్చ వల కింద అమ్మ మట్టి నింపుతోంది. ఇంతమందిని చూసి హడలిపోయింది. "ఏమైందే?"

"తమ్ముడు నడిచాడమ్మా!"

మామ్మ వాణ్ణి కింద దింపింది. "ఏదీ, అమ్మకి చూపించు." బుడ్డోడు హాయిగా చతికిలబడ్డాడు. "రారా, రారా," అని అందరూ బతిమాలారు. ఉహుఁ. నిలబెడితే కాళ్ళు మడిచేస్తాడు, దొంగవెధవ!

కోటిబాబు ముందుకొచ్చాడు. "నిజమేనండి, నేను సాక్షినండి, నా గుడ్డేనండి తినేశాడు!"

అమ్మ జోషితకేసి చూసింది. "సాక్షులెందుకు బాబూ? రోజూ నేనడిగితే లేదమ్మా అనే పిల్లే, ఇవాళ నడిచాడంటోంది. నడిచాడంతే!"

చేతుల నిండా మట్టి కదా, అందుకని మోచేతుల్తోనే కూతుర్ని దగ్గరికి లాక్కుని, నుదుటి మీద గట్టిగా ముద్దు పెట్టింది. అంతమంది చూస్తుండగా!

ఆ రోజు ఆ ఊళ్ళో జోషిత కన్నా పొడుగువాళ్ళు లేరంటే నమ్ము. లారీలో ఎక్కించిన కొబ్బరి మొక్కలు కూడా దాని భుజం దాకే వచ్చాయి.

ఊఁ కొట్టవేం? పడుకున్నావా?

తప్పటడుగుల్తో కథ కంచికి,
దుప్పటి ముసుగుతో మనం నిద్దరకి.